పాతబస్తీలో తొలి ఇల్లు: చీటీ, రహన్, అప్పు

హైదరాబాదు చరిత్ర అనగానే మన పుస్తకాలు కట్టడాలతో మొదలవుతాయి. 1591 నాటి చార్మినార్, మక్కా మసీదు, ఆసఫ్‌జాహీ ప్రభువుల దేవిడీలు, ఫలక్‌నుమా. ఏ కట్టడాన్ని ఎవరు కట్టించారో, ఎన్నేళ్ళు కట్టారో మనకు తెలుసు. కాని ఆ కట్టడాల నీడలోనే పుట్టి, లాడ్‌బజారులో లక్కగాజుల కొలిమి దగ్గరో, కార్చోబ్ చట్రం ముందో కూర్చొని పని నేర్చుకొని, పెళ్ళి నిశ్చయమయ్యేనాటికి ఒక గదికైనా తన తాళం వేసుకోవాలనుకున్న పాతికేళ్ళ మనిషి ఆ గదికి డబ్బు ఎట్లా కూడబెట్టాడు? ఎన్ని నెలలు కూడబెట్టాడు? ఎవరి దగ్గర దాచాడు? ఆ డబ్బులో ఎంత భాగం అతనికి దక్కింది, ఎంత భాగం దారిలో ఎవరికి పోయింది? ఈ ప్రశ్నలకు చరిత్ర పుస్తకాలలో జవాబు లేదు. సాహిత్యంలోనూ చాలా తక్కువ.

జీలానీ బానో ఉర్దూ నవల ‘ఐవాన్-ఎ-గజల్’ (1976) ఒక నవాబీ కుటుంబం కూలిపోవడాన్ని చెప్పింది. మన నెల్లూరి కేశవస్వామి పాతబస్తీ జీవితాన్ని, హిందూ ముస్లిం మధ్యతరగతి కుటుంబాల రాకపోకలను లోపలినుంచి చూసి చార్మినార్ కథలు రాశాడు. ఇవి విలువైన రచనలు. అయితే కూలిన దేవిడీకి నవల వచ్చింది గాని, ఆ దేవిడీ గోడలు పడగొట్టిన నేలమీద 60 గజాల ముక్కల్లో లేచిన ఇళ్ళకు ఇంకా నవల రాలేదు. ఆ ఇళ్ళు ఎట్లా లేచాయో తెలియకపోవడం దీనికి కొంత కారణం. ఈ వ్యాసం ఆ తెలియని భాగాన్ని గురించి.

ముందు ‘పొదుపు’ అనే మాట సంగతి. బ్యాంకు ప్రకటనలలో పొదుపు అంటే ఒక సద్గుణం. ఖర్చు తగ్గించుకున్నవాడు పొదుపరి, తగ్గించుకోనివాడు దుబారా మనిషి. ఈ లెక్కలో పేదరికం ఒక స్వభావ లోపంగా మారిపోతుంది. వాస్తవానికి రోజుకూలి మీద బతికే యువకుడికి పొదుపు చేయడం పెద్ద సమస్య కాదు. చేసిన పొదుపును నిలబెట్టుకోవడం సమస్య. ఇంట్లో డబ్బు వుందంటే చెల్లెలి ప్రసవానికి, తండ్రి ఆస్పత్రికి, అన్న ఆటో మరమ్మతుకు పోతుంది. పోకూడదని అనడానికి నోరు రాదు కూడా. అందుచేత అతనికి కావలసింది రెండు మూడేళ్ళలో పూర్తయ్యే, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టడానికి వీలులేని, చివర ఒక్కసారిగా పెద్ద మొత్తంగా చేతికొచ్చే ఏర్పాటు. బ్యాంకు దీన్ని ఇవ్వలేకపోయింది. చీటీ ఇచ్చింది. అయితే ఊరికే ఇవ్వలేదు.

కొంత వెనక్కి వెళ్ళాలి. 19వ శతాబ్దపు హైదరాబాదులో జీతం అన్నది నెలకు వచ్చే సొమ్ము కాదు. సైనికులకు, చిన్న ఉద్యోగులకు జీతాలు నెలల తరబడి బకాయి పడేవి. ఆ బకాయిని చూపి సాహుకారు దగ్గర, అరబ్బు జమేదారు దగ్గర, రొహిల్లా దగ్గర అప్పు తెచ్చుకునేవారు. ఆయుధం పట్టినవాడే వడ్డీవ్యాపారి కావడంతో వసూలుకు కోర్టు అవసరం వుండేది కాదు. 1853 నుంచి 1883 దాకా దివానుగా వున్న మొదటి సాలార్‌జంగ్ వీళ్ళ బలాన్ని తగ్గించడానికి చాలా శ్రమపడ్డాడు. అంటే ఆధునిక పాలన మొదలైన చోటే అప్పు సమస్య వుంది. ఇల్లు కొనడమన్నది ఆ రోజుల్లో సామాన్యుడి ఊహలో లేదు. ఎవరో ఒక అమీరు ప్రాపకంలో, ఆ దేవిడీ ఆవరణలో ఇంత చోటు దొరికితే అదే ఇల్లు. కిరాయి లేదు, హక్కూ లేదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. వేలమంది చనిపోయారు, వేల ఇళ్ళు కొట్టుకుపోయాయి. ఆ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి నివేదిక ఇవ్వడం, ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టడం అందరికీ తెలిసిన కథ. దానికన్నా తక్కువ తెలిసినది 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు. ఇరుకు బస్తీలను తొలగించి, సుల్తాన్‌షాహీ, మొఘల్‌పురా వంటి చోట్ల వరుస ఇళ్ళు కట్టి కిరాయికి ఇచ్చింది ఈ బోర్డే. నిరంకుశ ప్రభుత్వం చేసిన పని అయినా దీన్ని తక్కువ చేసి చెప్పనవసరం లేదు. పట్టణ పేదకు ఇల్లు కట్టడం ప్రభుత్వ బాధ్యత అన్న మాట మన ప్రాంతంలో మొదట అక్కడ ఆచరణలోకి వచ్చింది. 1960లో ఆ బోర్డు ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ మండలిలో కలిసిపోయింది. బోర్డు కట్టిన ఇళ్ళు అవసరమైనన్ని లేవు. చోటు దొరకనివాళ్ళు తమ దారి తాము వెతుక్కున్నారు.

ఆ దారులలో ఒకటి వడ్డీలేని అప్పుల సంఘం. నిజాం రాజ్యంలో సహకార పరపతి సంఘాల చట్టం 1914లో వచ్చింది. సహకార సంఘమైనా వడ్డీ తీసుకునేదే గనక, వడ్డీ నిషిద్ధమని నమ్మిన ముస్లిం ఉద్యోగులు కొన్ని కార్యాలయాలలో విడిగా సంఘాలు పెట్టుకున్నారు. ప్రతివాడూ నెలకింత వేస్తాడు, అవసరమైనవాడు తీసుకొని వాయిదాల్లో తీరుస్తాడు, వడ్డీ లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసి తరువాత పారిస్‌లో స్థిరపడిన ముహమ్మద్ హమీదుల్లా ఈ సంఘాల గురించి రాశాడు. ప్రపంచంలో ఇస్లామీయ ఆర్థిక వ్యవస్థ అనే చర్చకు హైదరాబాదు సంఘాలు ఒక తొలి ఉదాహరణగా నిలిచింది ఆయన రాతల వల్లనే. తరువాత 1966లో తూర్ బైతుల్‌మాల్ వచ్చింది. అయితే ఈ సంఘాలు నడిచింది జీతం కోసి పట్టుకోగల వీలున్నచోటే. వరఖ్ కొట్టేవాడికీ, బీడీలు చుట్టే స్త్రీకీ జీతం పట్టిక లేదు, పట్టుకునే గుమాస్తా లేడు.

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం భారత యూనియనులో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయినాయి. భూస్వామ్యం మీద ఆ దెబ్బ పడవలసిందే. తెలంగాణ రైతాంగం దానికోసమే ప్రాణాలిచ్చింది. కాని ఆ దెబ్బ పాతబస్తీలో ఎవరిమీద ఎట్లా పడిందో విడిగా చూడాలి. జాగీర్దారు పరిహారం తీసుకున్నాడు. అతని దగ్గర పనిచేసిన సైనికుడు, గుమాస్తా, వంటవాడు, అరబ్బు పహరాదారు, వాళ్ళ పిల్లలు వీధిన పడ్డారు. దేవిడీలు ముక్కలై అమ్ముడుపోయాయి. కొందరు కరాచీకి వెళ్ళారు, వెళ్ళినవారి వాటాల మీద 1950 నాటి కాందిశీకుల ఆస్తుల చట్టం కూర్చుంది. అన్నదమ్ములలో ఒకడు అక్కడ, ముగ్గురు ఇక్కడ. ఇల్లు నలుగురి పేరా వుంది, ఏ ఒక్కరి పేరా లేదు. ఇరవై ముప్పై ఏళ్ళ తరువాత ఆ ఇంటిమీద బ్యాంకు అప్పు అడిగిన మనవడికి ఈ ముడి ఎదురైంది. పాతబస్తీ ఇంటికి గోడలున్నాయి, కాగితం లేదు అన్న పరిస్థితికి మూలం చాలావరకు ఇక్కడే వుంది.

ఇక చీటీ. పాట చీటీని తెలుగువాళ్ళకు కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. దఖ్ఖనీలో దీన్ని చిట్ఠీ అంటారు. మనం చీటీ ఎత్తుకున్నామంటాం, వాళ్ళూ చిట్ఠీ ఎత్తామనే అంటారు. మనం పాట అన్నదాన్ని హర్రాజు అని కూడా అంటాం, అది అరబ్బీ మాట. రెండు భాషలవాళ్ళు ఒకే చీటీలో కూర్చున్నారనడానికి మాటలే సాక్ష్యం. మానవశాస్త్రజ్ఞుడు క్లిఫర్డ్ గీర్జ్ 1962లో ఆసియా, ఆఫ్రికా దేశాల ఇటువంటి ఏర్పాట్లను కలిపి పరిశీలించి, ఇవి వ్యవసాయ సమాజం నుంచి వాణిజ్య సమాజానికి ఎక్కే నిచ్చెనలో మధ్య మెట్టు అన్నాడు. పై మెట్టు అంటే బ్యాంకు వచ్చాక ఇది పోతుందని ఆయన అంచనా. అరవై ఏళ్ళు దాటింది. బ్యాంకు వచ్చింది, చీటీ పోలేదు. ఎందుకు పోలేదన్నది లెక్క వేస్తే తెలుస్తుంది.

ఉదాహరణకు 20 మంది, నెలకు 5,000 రూపాయలు, 20 నెలలు. చీటీ మొత్తం లక్ష. మొదటి నెలలోనే డబ్బు కావలసిన మనిషి 25,000 వదులుకొని పాడాడనుకుందాం. అందులో నిర్వాహకుడి కమీషను 5,000. మిగిలిన 20,000 ఇరవైమందికీ తలా వెయ్యి. కాబట్టి ఆ నెల ఒక్కొక్కరు కట్టేది 4,000. పాడినవాడి చేతికి 75,000. నెలలు గడిచేకొద్దీ పోటీ సన్నగిల్లి పాట దిగుతుంది. చివరి నెలలో కమీషను పోగా 95,000 వస్తుంది. ఈ దిగడం సమంగా జరిగిందనుకుంటే ఒక్కో సభ్యుడు మొత్తం మీద 90,000 కడతాడు. మొదట పాడినవాడు 75,000 తీసుకొని 90,000 కట్టాడు. చివరిదాకా ఆగినవాడు 90,000 కట్టి 95,000 తీసుకున్నాడు. ఏడాది వడ్డీగా మార్చి చూస్తే మొదటివాడు మోసింది నూటికి సుమారు 25, చివరివాడికి దక్కింది సుమారు 7. ఈ రెంటి నడుమ నిర్వాహకుడు లక్ష రూపాయలు తీసుకున్నాడు.

ఇక్కడ ఆగి ఎవరు మొదట పాడతారో, ఎవరు చివరిదాకా ఆగుతారో చూడాలి. పెళ్ళి తేదీ పెట్టుకొని, ఇంటివాడికి మాట ఇచ్చి, గడువు మీదికి వచ్చినవాడు మొదట పాడతాడు. సొంత ఇల్లు, సొంత దుకాణం వుండి, డబ్బుకు తొందర లేనివాడు చివరిదాకా ఆగుతాడు. అంటే ఇల్లు లేని యువకుడు ఇల్లున్న పెద్దమనిషికి లాభం కట్టి మరీ తన తొలి ఇంటికి దారి వేసుకుంటున్నాడు. ఇద్దరూ ఒకే చాపమీద కూర్చుంటారు, ఒకే కెటిల్‌లోని ఇరానీ చాయ్ తాగుతారు. ‘మనమంతా ఒకరికొకరం సాయం చేసుకుంటున్నాం’ అని ఇద్దరూ నమ్ముతారు, ఆ నమ్మకం పూర్తిగా అబద్ధమూ కాదు. మొదటివాడికి వేరేచోట నూటికి 25కు కూడా అప్పు పుట్టదు. చీటీ పోకపోవడానికి కారణం అదే: అది దోచుకుంటుంది, కాని బయట వున్నదానికన్నా తక్కువ దోచుకుంటుంది. ఈ ద్వంద్వాన్ని పట్టుకోకుండా చీటీని పొగిడినా, తిట్టినా పొరపాటే.

ఈ పద్ధతి మనకు మాత్రమే ప్రత్యేకమైనదని అనుకోకూడదు. ఇంగ్లండులో 1775లో బర్మింగ్‌హామ్ పట్టణంలో రిచర్డ్ కెట్లీ అనే సత్రం యజమాని దగ్గర మొదలైన గృహనిర్మాణ సంఘం దాదాపు ఇటువంటిదే. సభ్యులు నెలనెలా వేసేవారు, వరుసలో ఒక్కొక్కరికి ఇంటి డబ్బు అందేది, అందరికీ ఇళ్ళు అయ్యాక సంఘం రద్దయ్యేది. ఆ సంఘాలు తరువాతి శతాబ్దంలో శాశ్వత సంస్థలుగా మారి బ్యాంకులంత అయినాయి. 1872లో ఎంగెల్స్ గృహవసతి సమస్య మీద రాసిన వ్యాసాలలో వీటిని ప్రస్తావించాడు. వీటివల్ల ఇళ్ళు వచ్చేది ప్రధానంగా చిన్న మధ్యతరగతికీ, మెరుగైన జీతం వున్న కొద్దిమందికీ అనీ, కార్మికుడిని వాయిదాలమీద ఇంటి యజమానిని చేస్తే అతను ఆ ఇంటికీ, ఆ ఊరి యజమానికీ కట్టుబడిపోతాడనీ ఆయన వాదన. మన విమర్శకులు ఈ వాదనను తరచు యథాతథంగా అప్పగిస్తుంటారు. పాతబస్తీకి దాన్ని అన్వయించేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. ఇక్కడ యువకుడిని కట్టిపడేసే కర్మాగారమే లేదు. ఆల్విన్, ప్రాగా టూల్స్, వజీర్ సుల్తాన్ వంటి పరిశ్రమలన్నీ మూసీకి ఉత్తరానే పెరిగాయి. దక్షిణాన మిగిలినది చేతిపని, చిల్లర వ్యాపారం. ఇంటి నుంచే జరిగే జర్దోజీకి, గాజులకు, అగరువత్తులకు ఇల్లే పనిచోటు. గది ఒకటి ఎక్కువైతే చట్రం ఒకటి ఎక్కువ పడుతుంది. ఇల్లు అక్కడ బంధమే కాదు, పనిముట్టు కూడా.

పాట లేని చీటీ గురించి విడిగా చెప్పాలి, దీన్ని నడిపేది ఎక్కువగా స్త్రీలు గనక. పాటలో తగ్గించే సొమ్ము వడ్డీ కిందికి వస్తుందని ముస్లిం కుటుంబాలలో చాలామంది హర్రాజు చీటీకి ఒప్పుకోరు. వాళ్ళ చీటీలో తగ్గింపు లేదు. పదిమంది వెయ్యేసి వేస్తే పదివేలు. పేర్లు రాసిన కాగితాలు మడిచి చిన్నపిల్ల చేత తీయిస్తారు. నిర్వహించే స్త్రీ చాలాచోట్ల మొదటి చీటీ తను తీసుకుంటుంది, అదే ఆమె శ్రమకు ఫలం. ఎవరింట్లోనైనా కష్టం వస్తే పేరు వచ్చినవాళ్ళు వరుస మార్చుకుంటారు. అభ్యుదయవాదులమైన మనం మత నిషేధాన్ని చూడగానే వెనకబాటుతనం అని రాసేస్తాం. ఇక్కడ ఆ నిషేధం అమలులో చేసిన పని చూడండి: తొందర వున్నవాడు తొందర లేనివాడికి కప్పం కట్టే పద్ధతిని అది తీసేసింది. మొదట తీసుకున్నవాడు, చివర తీసుకున్నవాడు కట్టినంతే తీసుకుంటారు. రూపాయి విలువ తగ్గే కాలంలో చివరివాడికి కొంత నష్టం వుంటుంది, అంతే. అయితే దీన్ని ఆదర్శంగా అలంకరించడం కూడా తప్పు. నిర్వహించే మనిషి ఇల్లు మారిపోతే అడగడానికి చోటు లేదు. రాతకోతలు ఒక నోటు పుస్తకంలో, అందులోనూ పేర్లుండవు, ఫలానావాడి అమ్మ, ఫలానా మలుపు దగ్గరి ఆపా అని వుంటుంది.

చట్టం దృష్టిలో ఈ నోటు పుస్తకం దాదాపు నేరం. ఆంధ్రప్రదేశ్ 1971లో చిట్ ఫండ్ల చట్టం చేసింది, 1982లో కేంద్ర చట్టం వచ్చింది, అది మనకు 2008లో అమలయింది. నమోదు చేయించాలి, పూచీ చూపాలి. కమీషను గరిష్ఠంగా నూటికి 5 అని ఆ చట్టం అంటే, 2019 సవరణ దాన్ని 7 చేసింది. నమోదు అక్కరలేని చిన్న చీటీకి 1982 చట్టం పెట్టిన హద్దు వంద రూపాయలు. నెలకు వంద కాదు, చీటీ మొత్తమే వంద! 2019లోగాని ఆ అంకెను తీసి, హద్దు నిర్ణయించే పని రాష్ట్రాలకు వదలలేదు. నమోదైన కంపెనీలో చేరితే భద్రత వుంటుంది, నిజమే. కాని పాడుకున్న డబ్బు చేతికి రావాలంటే జీతం వచ్చే ఉద్యోగి జామీను కావాలి. కార్చోబ్ పనివాడికి జామీను పడే గజిటెడ్ ఆఫీసరు ఏ గల్లీలో వుంటాడు?

చీటీ ఎత్తుకున్న డబ్బుతో నేరుగా ఇల్లు రాదు. వచ్చేది రహన్. పాతబస్తీలో కిరాయి ఇల్లు, రహన్ ఇల్లు అని రెండు మాటలు. ఇంటి యజమానికి ఒక పెద్ద మొత్తం ముట్టజెప్పి, రెండేళ్ళో మూడేళ్ళో కిరాయి లేకుండా వుండి, గడువు తీరాక అదే మొత్తం వాపసు తీసుకొని ఖాళీ చేయడం రహన్. మన పత్రాల భాషలో దీన్ని భోగబంధకం అంటారు, స్వాధీన తనఖా అని కూడా అంటారు. దక్షిణ కొరియాలో జియోన్సే పేరుతో ఇదే పద్ధతి మహానగరాలలో మధ్యతరగతి గృహవసతికి పునాదిగా నిలిచింది.

యువ దంపతులకు ఇది ఎట్లా పనికొస్తుందో గమనించండి. చీటీ డబ్బు రహన్‌లో పడింది. కిరాయి మిగిలింది. మిగిలిన కిరాయి మరో చీటీకి వాయిదా అయింది. మూడేళ్ళ తరువాత రహన్ సొమ్ము, కొత్త చీటీ సొమ్ము కలిపి బాలాపూర్ వైపో, షాహీన్‌నగర్ వైపో 60 గజాల జాగా. ఆ జాగాలో ముందు ఒక గది, రేకుల కప్పు. పాతబస్తీ అంచులలో పెరిగిన వాడలను మన పట్టణ ప్రణాళికాకారులు ‘అడ్డదిడ్డంగా పెరిగినవి’ అంటారు. అవి ఒక క్రమంలోనే పెరిగాయి: ఆ క్రమం చీటీ వాయిదాలది. గోడమీద గోడ ఎత్తు తేడాలు చూస్తే ఎక్కడ ఒక చీటీ అయిపోయి ఇంకొక చీటీ మొదలైందో పోల్చుకోవచ్చు.

రహన్‌లో వున్న చిక్కు కూడా చెప్పాలి. మతశాస్త్రం ప్రకారం అప్పు ఇచ్చినవాడు తాకట్టు వస్తువును అనుభవించడం వడ్డీతో సమానమని ముఫ్తీలు అభ్యంతరం చెబుతారు. దానికి జనం కనుక్కున్న ఉపాయం నామమాత్రపు కిరాయి. ఇక చట్టం సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 59వ సెక్షను ప్రకారం వంద రూపాయలు, ఆపైన తనఖా అయితే రిజిస్టరు చేసిన పత్రం వుండాలి. వంద లోపైతే ఇల్లు స్వాధీనం చేస్తే చాలు. ఇక్కడా ఆ వంద రూపాయలే! లక్షలలో జరిగే రహన్‌లు స్టాంపు కాగితం మీద నోటరీ ముద్రతో జరిగిపోతున్నాయి. తెల్లవాళ్ళ కాలపు శాసనకర్త వంద రూపాయల దగ్గర గీత గీశాడు, ఆ గీతకు ఇటుపక్క పాతబస్తీ అంతా నిలబడి వుంది. ఇంకొక సంగతి: 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం పగిడీని నిషేధించింది. నిషేధం కిరాయిదారును కాపాడడానికే. ఆచరణలో యజమానులు తక్కువ కిరాయికి ఇల్లివ్వడం మానుకొని, పెద్ద మొత్తాన్ని వేరే పేరుతో అడిగే దారి పట్టారు.

1973 తరువాత గల్ఫ్ వచ్చింది. చమురు ధర పెరగడంతో సౌదీలో, కువైట్‌లో, ఎమిరేట్లలో పనులు పుట్టాయి. నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమీ అరబ్బుల వారసులు వుండే బార్కస్ మొదలుకొని, పాతబస్తీ అంతటినుంచీ యువకులు వెళ్ళారు. కారెన్ లియొనార్డ్ 2007లో ప్రచురించిన పుస్తకంలో పరదేశాలలోని హైదరాబాదీల కథ వివరంగా వుంది. వీసాకు కావలసిన డబ్బు చీటీలోనుంచే వచ్చింది, పంపిన డబ్బు మళ్ళీ చీటీలోనే పడింది. రెండేళ్ళ ఒప్పందం, ఆ రెండేళ్ళలో ఇల్లు: స్వల్పకాలిక పొదుపుకు ఇంతకన్నా కఠినమైన రూపం వుండదేమో. ఇల్లు కట్టినవాడు ఆ ఇంట్లో వున్నది సెలవు రోజులే. వెళ్ళలేకపోయిన పక్కింటి కుర్రాడికి మాత్రం గజం ధర అందకుండా పోయింది. అతను చీటీ పెంచుకున్నకొద్దీ జాగా దూరం జరిగింది.

అదే కాలంలో కర్ఫ్యూలు. 1978 నుంచి 1990 డిసెంబరు దాకా పాతబస్తీ పలుమార్లు మతకలహాలను చూసింది. మన సాహిత్యంలో వీటిని గురించి కవిత్వం వచ్చింది, కథలు వచ్చాయి. కాని కర్ఫ్యూ పది రోజులుంటే పది రోజుల కూలి లేదు, నెల చివర చీటీ వాయిదా మాత్రం వుంది. ఒకరు కట్టకపోతే ఇరవైమంది లెక్క తప్పుతుంది. ఆ ఇరవైమందిలో రెండు మతాలవాళ్ళూ వున్న చీటీలు ఆ సంవత్సరాలలో ఏమైనాయి? భయపడి ఇళ్ళు అమ్ముకొని పోయినవాళ్ళు అటూ ఇటూ వున్నారు. వాళ్ళకు వచ్చిన ధర మార్కెట్టు ధర కాదు, భయం నిర్ణయించిన ధర. రత్నా నాయుడు 1990లో పాతబస్తీ మీద ప్రచురించిన అధ్యయనం ఈ వలసలను పట్టించుకుంది.

బ్యాంకుల మాట తొందరగా చెప్పుకోవచ్చు. 1969లో జాతీయం చేశారు, 1970లో హడ్కో వచ్చింది, 1972లో బలహీన వర్గాలకు నూటికి 4 వడ్డీ పథకం వచ్చింది. నగరపాలక సంస్థ 1967లో మొదలుపెట్టిన పట్టణ సామాజికాభివృద్ధి పథకం వీటిని బస్తీలతో జోడించే ప్రయత్నం చేసింది. పట్టా ఇచ్చిన చోట బ్యాంకు అప్పు వచ్చింది, అప్పు వచ్చిన చోట జనం తమ చేతులతో ఇళ్ళు కట్టుకున్నారు. ఇది మంచి పని, పట్టా ఇవ్వగలిగినంత మేరకే జరిగింది. సహకార బ్యాంకుల మీద పెట్టుకున్న నమ్మకం 2002లో చార్మినార్ సహకార అర్బన్ బ్యాంకు మూతపడడంతో దెబ్బతిన్నది. అప్పటికి డిపాజిట్ బీమా లక్ష రూపాయలదాకానే. అది 5 లక్షలు అయింది 2020లో. చీటీ మనిషి పారిపోతాడేమోనని బ్యాంకులో వేసుకున్నవాళ్ళు అక్కడా దెబ్బతిన్నారు.

నేటి గృహరుణ నిబంధనలు చూస్తే, 30 లక్షలలోపు అప్పుకు ఇంటి విలువలో నూటికి 90 దాకా ఇవ్వవచ్చునని రిజర్వు బ్యాంకు అంటుంది. మిగిలిన పదీ, 2021 నుంచి తెలంగాణలో నూటికి ఏడున్నర అయిన రిజిస్ట్రేషను ఖర్చూ కొనేవాడు చేతినుంచి పెట్టుకోవాలి. ఆ పదిహేడున్నరకే యువకుడు చీటీ వేస్తాడు. అంతా అయ్యాక బ్యాంకు అడిగే మొదటి కాగితం అతని దగ్గర లేదు. అమ్మినవాడు ఇచ్చింది నోటరీ పత్రం. నోటరీ ఆస్తుల క్రమబద్ధీకరణకు, 125 గజాల లోపైతే స్టాంపు రుసుము లేకుండా, 2023లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఇటువంటి కాగితాల మీద నగరంలో ఎన్ని ఇళ్ళు నిలిచి వున్నాయో ఆ ఉత్తర్వే ఒప్పుకున్నట్టయింది. అదే ఏడాది జూన్‌లో కొల్లూరులో 15,660 రెండు పడకగదుల ఇళ్ళ కాలనీ ప్రారంభమైంది. పాతబస్తీ గాజుల పనివాడికి అక్కడ ఇల్లొస్తే పని ఇక్కడ, ఇల్లు నగరానికి ఆ చివర. 2024 మార్చిలో ఫలక్‌నుమా దగ్గర మెట్రోకు శంకుస్థాపన జరిగింది. రైలు వచ్చే దారి పొడవునా రహన్ మొత్తాలు పెరుగుతాయని చెప్పడానికి జ్యోతిషం అక్కరలేదు.

రచయితలకు, విద్యార్థులకు ఒక్క విషయం సూచిస్తాను. పాతబస్తీ మీద రాయబూనినవారు చార్మినార్ పైనుంచి చూడడం మాని ఒక రహన్ ఇంటి లెక్క అడగండి. గడువు తీరినప్పుడు యజమాని దగ్గర వాపసు ఇవ్వడానికి సొమ్ము వుండదు. కూతురి పెళ్ళికో, కొడుకు వీసాకో ఎప్పుడో ఖర్చయిపోయింది. అతను కొత్త రహన్ మనిషిని వెతుకుతాడు. కొత్తవాడు తెచ్చిన మొత్తాన్ని అదే రోజు పాతవాడికి ఇస్తాడు. పాతవాడు ఆ మొత్తాన్ని పట్టుకొని జాగా అమ్మేవాడి దగ్గరికి వెళతాడు. కొత్తవాడు రావడం రెండు నెలలు ఆలస్యమైతే పాతవాడి జాగా బయానా పోతుంది. అందుకని అతను ఖాళీ చేయడు. ఖాళీ చేయనందుకు కొత్తవాడు రాడు. సామాను కట్టిపెట్టిన గదిలో భార్యాభర్తలు, మెట్లమీద యజమాని, వీధిలో దలాలు. ఈలోగా ఐదో తేదీ వస్తుంది, చీటీ వాయిదా కట్టమని పిల్లవాణ్ణి పంపుతారు.